జాబితా సరే, గంట ఎవరిది?

పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు మా అమ్మాయి నాకొక నోటుపుస్తకం తెచ్చింది. గట్టి అట్ట, నున్నటి కాగితం, ఎక్కడిదాకా రాశామో గుర్తు పెట్టుకోవడానికి మధ్యలో పట్టుదారం. ఇంత మంచి పుస్తకంలో పాలవాడి లెక్క రాయడానికి చేతులాడవు గదా. "ఇందులో ఏం రాయమంటావే?" అన్నాను.

"నీ బకెట్ లిస్టు రాసుకో అమ్మా" అంది.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. మొదట నాకర్థం కాలేదు. మా ఇంట్లో బకెట్ల జాబితా ఉన్నమాట నిజమే. స్నానానికి ఎర్రది, బట్టలు నానబెట్టడానికి నీలంది, గచ్చు తుడవడానికి పిడి విరిగిన పాతది. ఒకదాని పని ఇంకొకదానితో చేస్తే నేనూరుకోను. ఆ సంగతే చెబితే పిల్ల పొట్ట పట్టుకుని నవ్వింది. ఇంగ్లీషువాళ్ళు చచ్చిపోవడాన్ని బకెట్టు తన్నడం అంటారట. మనవాళ్ళు మాత్రం "పాపం, బాల్చీ తన్నేశాడు" అనడం లేదూ! ఆ తన్నేలోపల చూడాలనుకున్నవి, నేర్చుకోవాలనుకున్నవి, చేయాలనుకున్నవి వరసగా రాసిపెట్టుకున్న పట్టీకి బకెట్ లిస్టని పేరు. ఇప్పుడు పాతికేళ్ళవాళ్ళు కూడా రాసుకుంటున్నారట.

అమ్మాయి వెళ్ళిపోయింది. నేను పుస్తకం తెరిచి, పైన "శ్రీ" చుట్టి, మళ్ళీ మూశాను. ఆవకాయకి కాయ కొట్టేముందు నలుగురిని కొలత అడిగే మనిషిని నేను. బతుక్కి పట్టీ రాసుకునేముందు ఇంకొకళ్ళు రాసుకున్నవి చూడకుండా ఉంటానా? అలా రెండు సినిమాలు చూశాను, రెండు ఆత్మకథలు చదివాను. అవి నాలుగూ నాలుగు రకాలు. వాటిని గురించి నాకు తోచిన నాలుగు మాటలివి.

మొదటిది ఆ పేరును ఊరూరా తిప్పిన సినిమా, "ది బకెట్ లిస్ట్". 2007లో వచ్చిన అమెరికా చిత్రం. రాసినాయన జస్టిన్ జాకమ్, తీసినాయన రాబ్ రైనర్. జాక్ నికల్సన్, మోర్గాన్ ఫ్రీమన్ ఇద్దరూ ఇద్దరే. కథ చిన్నది. ఎడ్వర్డ్ కోట్లకు పడగెత్తిన ఆసుపత్రుల యజమాని. కార్టర్ మోటారు బళ్ళు బాగుచేసే మెకానిక్. ఇద్దరికీ కాన్సరు. ఒకే ఆసుపత్రి గదిలో పక్కపక్క మంచాలమీద పడతారు. కార్టర్ కాగితంమీద నాలుగు కోరికలు రాసుకుని, ఇంకెంతో కాలం లేదని తెలిశాక ఎందుకొచ్చిన గొడవని నలిపి పారేస్తాడు. ఎడ్వర్డ్ దాన్ని విప్పి చదివి, తన కోరికలూ జతచేసి, "పద, డబ్బు నాది" అంటాడు. అక్కణ్ణుంచి విమానంలోంచి దూకడాలూ, పందెపు కార్లూ, ఈజిప్టు పిరమిడ్లూ, మన తాజమహలూ, చైనా గోడా.

నవ్వించాల్సినచోట నవ్విస్తుంది, కంట తడిపెట్టించాల్సినచోట అదీ చేస్తుంది. కార్టర్ పట్టీలో ఉన్నవన్నీ మెత్తటి కోరికలు. ముక్కూమొహం తెలియని మనిషికి సాయం చేయాలి, కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాలి, ఏదైనా మహత్తరమైనది చూడాలి. ఎడ్వర్డ్ పట్టీలో లోకంలోకల్లా అందమైన పిల్లని ముద్దుపెట్టుకోవాలని ఉంటుంది. ఆ పిల్ల ఎవరో చివర్లో తెలిసినప్పుడు, ఎన్నాళ్ళుగానో మాటల్లేని కూతురి ఇంట్లో మనవరాలిని ఎత్తుకున్నప్పుడు, నా పమిటకొంగు తడిసిన మాట దాచను.

కానీ సినిమా అయిపోయాక కాఫీ కలుపుకుంటూ ఉంటే కార్టర్ భార్య వర్జీనియా గుర్తొచ్చింది. ఆవిడ నర్సు. కార్టర్‌కు చరిత్ర చెప్పే ప్రొఫెసరు కావాలని ఉండేది. పెళ్ళయి, బిడ్డ కడుపున పడి, చేతిలో డబ్బుల్లేక చదువు మానేసి రెంచి పట్టుకున్నాడు. నలభై అయిదేళ్ళు పట్టుకున్నాడు. పాపం, నిజమే. మరి ఆ నలభై అయిదేళ్ళూ వర్జీనియా ఏం మానేసిందో సినిమా ఒక్క మాటైనా అడగదు. ఆవిడ మొగుణ్ణి వెళ్ళొద్దంటుంది. వైద్యం మానేయొద్దంటుంది. ఎక్కడో దేశాల్లో ఉన్న ఎడ్వర్డ్‌కు ఫోనుచేసి, నా మనిషిని నాకు పంపించవయ్యా అని అడుగుతుంది. కథ నడిచే తీరులో ఆవిడ సరదాకి అడ్డం వచ్చే మనిషి, అంతే. భర్త చావుబతుకుల్లో ఉండి చైనా గోడమీద మోటారుసైకిలు నడుపుతుంటే, ఫోను పక్కన కూర్చుని పిల్లలకు ధైర్యం చెబుతున్నదెవరు? ఎడ్వర్డ్ డబ్బిచ్చాడు, బాగానే ఉంది. ఆ మూడు నెలల కాలం ఎవరిచ్చారు? ఎవరి వాటాలోంచి పోయింది?

అప్పుడు నాకొక కొలత దొరికింది. బియ్యం కొలిచే సోలలాంటిది. ఎవరి జాబితా చూసినా అందులో ఏమున్నదని కాకుండా, "ఆ గంట ఎవరిది?" అని అడిగి చూడాలి. ఈ సోల పట్టుకుని మిగతా మూడింటి దగ్గరికి వెళ్ళాను.

రెండోది బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఆత్మకథ. 1706లో పుట్టి 1790లో పోయిన ఈ పెద్దమనిషి అచ్చుపని చేసుకుంటూ పైకొచ్చి అమెరికా దేశ నిర్మాతల్లో ఒకడయ్యాడు. తన్నుతాను తీర్చిదిద్దుకోవడానికి పట్టీ రాసుకున్నవాళ్ళలో ఈయన్ని తాతగారనవచ్చు. మితభోజనం, మితభాషణ, క్రమపద్ధతి, పొదుపు, కష్టపడి పనిచేయడం అంటూ పన్నెండు సుగుణాలు రాశాడు. స్నేహితుడొకాయన, "నీకు గర్వం ఎక్కువోయ్" అన్నాక వినయం కూడా చేర్చి పదమూడు చేశాడు. చిన్న పుస్తకంలో ఎర్రగీతలు కొట్టి, వారానికి ఏడు గళ్ళు పెట్టి, తప్పు చేసినప్పుడల్లా నల్లచుక్క పెట్టాడు. వారానికొక సుగుణం చొప్పున పదమూడు వారాలు, ఏడాదికి నాలుగు ఆవృత్తులు. చుక్కలు చెరిపి చెరిపి కాగితం చిల్లులు పడితే దంతపు పలకలమీదికి మార్చాడట. అన్నిటికన్నా ఆయన్ని ఏడిపించింది క్రమపద్ధతి. ఎక్కడి వస్తువు అక్కడ పెట్టడం చేతకాలేదని తానే ఒప్పుకున్నాడు.

దానికొక కథ కూడా చెప్పాడు. ఒకాయన గొడ్డలి కొని, అంచు ఒక్కటే కాదు, మొత్తం తళతళలాడేలా సానపట్టమన్నాడట. "చక్రం నువ్వు తిప్పితే పడతాను" అన్నాడు కమ్మరి. తిప్పీ తిప్పీ చేతులు పడిపోయాక, "ఇంకా మచ్చలున్నాయి, తిప్పు" అని కమ్మరి అంటే, "నాకు మచ్చల గొడ్డలే ఇష్టం" అని పట్టుకుపోయాడట. తన సుగుణాల సంగతీ ఇంతేనని నవ్వుకున్నాడు ఫ్రాంక్లిన్. ఈ నవ్వు లేకపోతే ఆ పుస్తకం ఒట్టి నీతిపాఠం అయ్యేది. ఉంది గనకే ఇప్పటికీ చదువుతున్నారు.

ఇక మన సోల. ఈయన గంట ఎవరిది? ఇక్కడ ఫ్రాంక్లిన్ వర్జీనియా కథ రాసినవాళ్ళకన్నా నయం. తన భార్య డెబొరా సంగతి తానే చెబుతాడు. ఆవిడ చిన్న పుస్తకాలు మడతపెట్టి కుట్టేది, అంగట్లో కూర్చునేది, కాగితం చేసేవాళ్ళకోసం పాత గుడ్డలు కొనేది. అంటే ఆయన సుగుణాలకు గళ్ళు గీసుకుంటున్న వేళ అంగడి చూసుకునే మనిషి ఒకరున్నారన్నమాట. అంతకన్నా ముచ్చటైనది ఇంకొకటి ఉంది. ఫ్రాంక్లిన్ రోజూ పొద్దున మట్టి గిన్నెలో, తగరపు చెంచాతో రొట్టె, పాలు తినేవాడు. ఒకనాడు చూస్తే పింగాణీ గిన్నె, వెండి చెంచా! భార్య ఆయనకు చెప్పకుండా కొన్నది. ఇరవైమూడు షిల్లింగులు. ఎందుకయ్యా అంటే, ఇరుగుపొరుగు మగవాళ్ళకు ఉన్నప్పుడు నా మొగుడికి మాత్రం ఎందుకుండకూడదని.

ఫ్రాంక్లిన్ ఈ సంగతి, ఎంత పొదుపుగా ఉన్నా ఇంట్లోకి విలాసం ఎలా చొరబడుతుందో చూడండి అని చెప్పుకొచ్చాడు. నాకలా అనిపించలేదు. డెబొరా పట్టీ ఎక్కడా రాసి లేదు. అందులోంచి మనకు దక్కిన అంశం ఇదొక్కటే. అదీ తనకోసం కొనుక్కున్నది కాదు. మన అమ్మలు, అమ్మమ్మలు చీటీ డబ్బు చేతికొస్తే ఏం కొనేవారో గుర్తు తెచ్చుకోండి. మీకే తెలుస్తుంది.

మూడోది మనందరం చూసిందే. గౌరీ షిండే తీసిన "ఇంగ్లిష్ వింగ్లిష్", 2012. 2018లో మనల్ని విడిచిపోయిన శ్రీదేవి, చాలా ఏళ్ళ విరామం తర్వాత తెరమీదికొచ్చిన సినిమా. పుణేలో లడ్డూలు చేసి అమ్మే శశికి ఇంగ్లీషు రాదు. మొగుడు వేళాకోళం చేస్తాడు, కూతురు సిగ్గుపడుతుంది. అక్క కూతురి పెళ్ళికి న్యూయార్కు వెళ్ళి, ఎవరికీ చెప్పకుండా నాలుగు వారాల ఇంగ్లీషు క్లాసులో చేరుతుంది. దర్శకురాలి తల్లి పుణేలో పచ్చళ్ళ వ్యాపారం చేసేవారట. చిన్నప్పుడు అమ్మకు ఇంగ్లీషు రాదని తాను సిగ్గుపడినందుకు ఇది క్షమాపణ అని గౌరీ షిండే చెప్పుకున్నారు. ఆ నిజాయితీ సినిమా నిండా కనిపిస్తుంది.

మా అమ్మాయికీ నాకూ తగువు వచ్చింది ఈ సినిమా దగ్గరే. ఆఖరి పరీక్షా, పెళ్ళీ ఒకే రోజు. శశి ఎంతో శ్రమపడి చేసిన లడ్డూలు పిల్లవాడి అల్లరివల్ల నేలపాలవుతాయి. కొనితెద్దాం, నువ్వు పరీక్షకు వెళ్ళు అని చెప్పినా వినదు. కొంగు దోపుకుని మళ్ళీ లడ్డూలు చుట్టడానికి కూర్చుంటుంది. "ఇదేం అన్యాయం! చివరికి మళ్ళీ వంటింట్లోకే తోశారు" అంది మా అమ్మాయి. "లడ్డూ ఆవిడ విద్య. విద్యలో మాట పడకూడదనుకుంది" అన్నాను నేను. ఇద్దరం గంటసేపు వాదించుకున్నాం. ఆ గంటలో అన్నం మాడింది.

తర్వాత నింపాదిగా ఆలోచిస్తే, ఆ సినిమా గొప్పతనం ఆ దృశ్యంలో లేదనిపించింది. గడియారంలో ఉంది. మిగతా కథల్లో కథానాయకుడు అనుకున్నదే తడవు బయల్దేరతాడు. శశి అలా కాదు. ఇంట్లో ఏదో ఒక సాకు చెప్పాలి, రైలు పట్టుకోవాలి, మళ్ళీ ఎవరూ అడిగేలోపల ఇల్లు చేరాలి. తాను ఇంట్లో లేనప్పుడు పిల్లవాడికి దెబ్బ తగిలితే అది తన తప్పే అనుకుని క్లాసు మానేస్తుంది. ఇంగ్లీషు కష్టం కాదావిడకి. ఇంగ్లీషు నేర్చుకునే వేళ దొరకడం కష్టం. అక్షరమక్షరం మన కథ. ఇంత చక్కగా చూపించి, చివర మాత్రం సినిమా కాస్త తేలిగ్గా తప్పుకుందని నా ఫిర్యాదు. పరీక్షకు వెళ్ళలేకపోయినా ఫరవాలేదు, మాస్టారే పెళ్ళికి వచ్చి ఆవిడ మాట్లాడింది విని, ప్యాసయ్యావని చెప్పి వెళతాడు. లడ్డూలూ దక్కాయి, పట్టా కూడా దక్కింది. మనం మానేసిన పరీక్షల మాస్టర్లు మనింటి పెళ్ళిళ్ళకు రారు సుమండీ!

నాలుగోది అసలు జాబితాయే కాదు. ఒకే ఒక్క కోరిక. బెంగాలులో 1809 ప్రాంతంలో పుట్టిన రాససుందరీ దేవి రాసుకున్న "ఆమార్ జీబన్", అంటే "నా జీవితం". బెంగాలీలో వచ్చిన మొట్టమొదటి పూర్తి ఆత్మకథల్లో దీనిది పెద్దపీట. చరిత్రకారిణి తనికా సర్కార్ దీన్ని ఇంగ్లీషులోకి తెచ్చి, వివరమైన చర్చతో 1999లో "వర్డ్స్ టు విన్" అనే పుస్తకంగా వెలువరించారు. నేను చదివింది అదే.

పన్నెండేళ్ళకు పెళ్ళి. పెద్ద సంసారం, పన్నెండుమంది పిల్లలు. పొద్దున లేచింది మొదలు అర్ధరాత్రిదాకా వంట, వడ్డన, పిల్లలు. అందరికీ పెట్టాక తాను తినబోయే వేళకు ఏదో ఒక అడ్డం వచ్చి అన్నం ముద్ద నోట్లోకి పోని రోజులున్నాయని ఆవిడ చెబితే, నా చేతిలో కంచం పక్కన పెట్టి చదివాను. భయం, బిడియం ఎంతంటే, ముంగిట్లో భర్తగారి గుర్రం ధాన్యం తింటుంటే దాని కంట పడకూడదని ఈవిడ ఇంట్లో దాక్కున్నది. గుర్రమే అయినా మొగుడి గుర్రం కదా! ఈ సంగతి రాసింది తన్నుతాను నవ్వుకుంటూనే.

అట్లాంటి మనిషికి చైతన్య భాగవతం చదవాలని కోరిక పుట్టింది. ఆడది అక్షరం ముట్టుకుంటే ఇంటికి కీడు అనుకునే కాలం. ఒకనాడు భర్త ఆ గ్రంథం వంటింటి దగ్గర పెట్టించి వెళ్ళాడు. తాళపత్రాల పద్ధతిలో విడివిడి పత్రాలుగా ఉండే పుస్తకం. అందులోంచి ఒక్క పత్రం తీసి దాచుకుంది. కొడుకు అక్షరాలు దిద్దుకున్న తాటాకు ఒకటి తీసి దాచుకుంది. చిన్నప్పుడు బడి పక్కన కూర్చుని చెవినపడ్డ అక్షరాల పేర్లు మనసులో ఉన్నాయి. ఈ మూడింటినీ ఒకదానితో ఒకటి సరిపోల్చుకుంటూ, పొయ్యి దగ్గర వంట చేస్తూ, ఎడమచేతిలో పత్రం పట్టుకుని, ఎవరైనా వస్తే దాచేస్తూ చదువు నేర్చుకుంది. అప్పటికి ఆవిడకు పాతికేళ్ళ వయసు. రాయడం ఇంకా ఎన్నో ఏళ్ళకు గానీ రాలేదు. పైచదువుకు వెళ్ళిన కొడుకు, నా ఉత్తరాలకు జవాబు రాయవేమని కాగితం, కలం తెచ్చి చేతిలో పెట్టాక వచ్చింది.

సోల ఇక్కడ కూడా పెట్టి చూశాను. ఆ గంట ఎవరిది? ఎవరిదీ కాదు. ఎవరూ ఇవ్వలేదు. ఎవరి వాటాలోంచీ తీసుకోలేదు. కూర ఉడికేలోపల, పిల్ల ఏడ్చేలోపల దొరికిన క్షణాలు ఏరుకుంది. అందుకే ఈ పుస్తకం చదివాక విమానంలోంచి దూకడాలు నాకు చప్పగా అనిపించాయి. అలాగని కష్టపడి దొంగచాటుగా నేర్చుకుంటేనే గొప్ప అని నేననను. ఆ బాధ ఇంకెవరికీ రాకూడదు. రాససుందరి కూడా తన కాలంలో ఆడవాళ్ళ దురవస్థకు బాధపడి, తర్వాతి తరం ఆడపిల్లలు చదువుకుంటున్నందుకు సంతోషించిందే తప్ప, మేం పడ్డాం గదా మీరూ పడండి అనలేదు. మన అత్తగార్లలో ఆ మాట అనని వాళ్ళెందరు చెప్పండి?

ఇక్కడితో ఆపితే ఈ విమర్శ మర్యాదగా ముగిసేది. కానీ నా సంగతి చెప్పకపోతే సోల అబద్ధమవుతుంది.

ఈ పుస్తకాలన్నీ అయ్యాక నాకూ ఒక కోరిక ఉన్నట్టు తెలిసింది. ముప్ఫయ్యొక్క ఏళ్ళుగా హైదరాబాదులో ఉంటున్నాను. బోర్డులమీద తెలుగు చదువుతాను, ఇంగ్లీషు చదువుతాను, హిందీ కూడబలుక్కుంటాను. వాటి పక్కనే ఉండే ఉర్దూ మాత్రం నాకు ఇన్నాళ్ళూ అల్లిక కుట్టులా కనిపిస్తూ వచ్చింది. మా వీధి చివర రిటైరైన టీచరమ్మ ఒకావిడ వారానికి మూడు రోజులు సాయంత్రం నాలుగు నుంచి అయిదుదాకా ఉర్దూ చెబుతారని తెలిసి చేరాను. వద్దని ఇంట్లో ఎవరూ అనలేదు. ఇన్నేళ్ళూ అడిగితే గదా అనడానికి!

చేరాక తెలిసింది అదెంత చిత్రమైన రాతో. కుడినుంచి ఎడమకు నడుస్తుంది. మాట మొదట్లో ఒక రూపం, మధ్యలో ఒక రూపం, చివర ఇంకొక రూపం. మన అక్షరాలు ఎక్కడ పెట్టినా గుండ్రంగా బుద్ధిగా కూర్చుంటాయి. అవి పక్కవాడి చెయ్యి పట్టుకోనిదే నడవవు. పైగా చిన్న అచ్చులు సాధారణంగా రాయరు, చదివేవాళ్ళే పూరించుకోవాలి. రెండు నెలల తర్వాత కాచిగూడ స్టేషనులో బండికోసం నిలబడి తలెత్తి చూస్తే, బోర్డుమీద అల్లిక కుట్టు కాస్తా విడిపోయి కాఫ్, అలిఫ్, చే అని పలికింది. పక్కనున్నావిడను పట్టుకుని చెబుదామనుకుని బాగుండదని ఊరుకున్నాను.

అయితే ఆ నాలుగు నుంచి అయిదు గంట నాకెలా వచ్చింది? ఆ వేళకి మా ఇంట్లో ఆరిన బట్టలు తీయాలి, కాఫీ పెట్టాలి, రాత్రికి కూర తరగాలి. ఇదివరకు మా పనిమనిషి అయిదింటికి వచ్చేది. "నువ్వు నాలుగింటికే రా, మూడొందలు ఎక్కువిస్తాను" అన్నాను. సరేనంది. మూడు వారాలు గడిచాక ఒకనాడు మాటల్లో తెలిసింది. మధ్యాహ్నం మూడిళ్ళ పని ముగించుకుని, మళ్ళీ మా ఇంటికి వచ్చేలోపల ఆవిడ మా అపార్టుమెంటు సెల్లారులో మెట్లకింద పాత చీర పరుచుకుని నడుం వాల్చేదట. రోజు మొత్తంలో అది ఒక్కటే ఆవిడ గంట. నేను మూడొందలు పడేసి ఎగరేసుకుపోయాను. ఎడ్వర్డ్ దొరగారు ఇచ్చింది డబ్బేగా అని ఎంత తేలిగ్గా అన్నానో మీరు చదివారు గదా! నేనిచ్చింది ఏమిటి మరి?

మర్నాడు సిగ్గుపడుతూనే అడిగాను. "నీకేదైనా నేర్చుకోవాలని, చూడాలని ఉందా? ఇట్లా ఒక లిస్టు రాసుకోవాలంటే ఏం రాస్తావు?"

ఆవిడ గిన్నె తోమడం ఆపలేదు. "నాకేం లిస్టుందమ్మా! ముందుగాల ఐతారం ఒక్క దినం సెలవియ్యుండ్రి. ఇంటికాడ పండుకుంటా. లేచినంక ఏం జెయ్యాల్నో అప్పుడు సోంచాయిస్త" అంది.

నాలుగు పుస్తకాలు, సినిమాలు కలిపి నాకు చెప్పింది ఆవిడ నాలుగు మాటల్లో చెప్పేసింది. కోరిక పుట్టడానికైనా ముందు కాస్త ఖాళీ ఉండాలి. ఆ ఖాళీ మనందరికీ సమానంగా పంచి లేదు. భర్తకు భార్య ఇస్తుంది, యజమానురాలికి పనిమనిషి ఇస్తుంది, పనిమనిషికి ఇచ్చేవాళ్ళు ఎవరూ ఉండరు. పట్టీలు రాసుకోమని చెప్పే పుస్తకాలు, సినిమాలు ఈ లెక్క దాచిపెడితే, అవి ఎంత బాగున్నా సగం కథే చెప్పినట్టు. పట్టీ రాసుకోవద్దని నేననడం లేదు. రాసుకోండి. వీణ నేర్చుకోండి, ఈత నేర్చుకోండి, మేఘాలయ చూసి రండి. పట్టీ పక్కన ఇంకొక గడి గీసి, ఈ గంట ఎవరిదో కూడా రాసుకోమంటున్నాను, అంతే. ఫ్రాంక్లిన్ గారిలా నల్లచుక్క పెట్టుకోవాల్సిన చోటు అది.

ఇప్పుడు మా పనిమనిషి మళ్ళీ అయిదింటికే వస్తోంది. ఇస్తానన్న మూడొందలు తగ్గించలేదు. నాలుగింటికి మావారు తన కాఫీ తాను పెట్టుకుంటున్నారు. డికాషన్ ఎంత పడుతుందో ఇంకా చేతికి రాలేదు, పాలు రెండుసార్లు పొంగిపోయాయి, అయినా తాగుతున్నారు. ఆదివారం ఆవిడకు సెలవు. ఆ రోజు లేచాక ఏం చేస్తోందో నేనడగలేదు, ఆవిడ చెప్పలేదు. మా అమ్మాయిచ్చిన నోటుపుస్తకంలో మొదటి పేజీలో ఇప్పటికి ఒక్క మాటే ఉంది, కుడినుంచి ఎడమకు రాసింది.

ఆదివారం గిన్నెలు నేనూ మావారూ చెరిసగం తోముతున్నాం. ఆయన తోమిన మూకుడు అడుగున మసి మచ్చలు మిగిలిపోతున్నాయి. "ఇంకాస్త రుద్దండి" అంటే, "నాకు మచ్చల మూకుడే ఇష్టం" అంటున్నారు. ఫ్రాంక్లిన్ కథ ఆయనకు చెప్పడం నాదే పొరపాటు.